సినిమా కోసం కోసిన చీర

హిందూపురంలో మీడియా పీజీ రెండో ఏడు చదువుతున్నప్పుడు మాకు ఆఖరి పరీక్షగా ఒక పని పెట్టారు. పది నిమిషాల సినిమా ఒకటి తీయాలి. దానికి తోడు ఇరవై పేజీల నివేదిక రాయాలి. కెమెరా ఎక్కడ పెట్టాం, లైటు ఎలా వేశాం అన్నది కాదు అందులో రాయాల్సింది. మన కథకు కథన సిద్ధాంతాలు ఎలా వర్తిస్తాయో, మన పాత్రల మనసుకు మనస్తత్వ సిద్ధాంతాలు ఎలా వర్తిస్తాయో చూపించాలి. సగం మార్కులు సినిమాకి, సగం నివేదికకి.

ఆ పాఠాలు చెప్పే మేడం అనంతపురం నుంచి రోజూ రైల్లో వచ్చేవారు. బోర్డు మీద ఒక అడ్డగీత గీసి, దాన్ని కిందికి దించి, మళ్ళీ పైకి లాగి, ఇంకో అడ్డగీతతో ఆపేవారు. "మొదట అంతా కుదురుగా ఉంటుంది. ఏదో జరిగి ఆ కుదురు చెడుతుంది. చివరికి ఇంకో కుదురు ఏర్పడుతుంది. పాతదే తిరిగి రానక్కరలేదు, కానీ ఏదో ఒకటి రావాలి. రాకపోతే అది కథ కాదు, వార్త" అనేవారు. ఇంకోరోజు పాత్రల పట్టిక వేశారు. నాయకుడు, ప్రతినాయకుడు, సాయం చేసేవాడు, నాయకుణ్ణి ప్రయాణానికి పంపేవాడు. మరో రోజు దుఃఖానికి ఉండే మెట్లు చెప్పారు. జరిగింది ఒప్పుకోకపోవడం, కోపం, బేరం, కుంగిపోవడం, చివరికి ఒప్పుకోవడం.

క్లాసులో మిగతావాళ్ళకు అవి పరీక్షకు చదవాల్సిన పాఠాలు. నాకు అప్పటికి మా అన్న పోయి ఏడు నెలలు. కిందికి దిగిన గీత మళ్ళీ పైకి వస్తుందని ఎవరో చదువుకున్నవాళ్ళు పరిశీలించి చెప్పారంటే నాకు ఊపిరి ఆడినట్టయింది. ఆ గీతను నోటుపుస్తకంలో మూడు సార్లు గీసుకున్నాను.

మాది ధర్మవరం. ఇంట్లో రెండు మగ్గాలు. ఒకదాని మీద నాయన, రెండోదాని మీద అన్న పట్టుచీరలు నేసేవాళ్ళు. అమ్మ రాట్నం ముందు కూర్చుని కండెలు చుట్టేది. నేను వారమంతా హిందూపురం హాస్టల్లో ఉండి శనివారం ఇంటికి వచ్చేదాన్ని, సోమవారం పొద్దున రైలుకు వెళ్ళిపోయేదాన్ని. ఆ సోమవారం రైలు తప్పిపోయింది. తప్పు నాదే, ఆదివారం చేయాల్సిన స్లైడ్లు పొద్దున లేచి చేసుకుంటూ కూర్చున్నాను. పది గంటలకు నా సెమినారు. అన్న అప్పటికే మగ్గం గుంతలో దిగి కూర్చున్నాడు.

"అనా, బండి మీద దింపవా" అని అడిగాను.

"బస్సుకు పో పాపా. నేను ఈ వారం కొంగు మొదలుపెట్టల్ల."

"బస్సుకు పోతే నా సెమినార్ పోతాది. నువ్వు దింపకుంటే నా మార్కులు పోయినట్లే."

అంతకంటే బతిమాలలేదు. మొహం ముడుచుకుని బ్యాగు పట్టుకుని గడప దగ్గర నిలబడ్డాను. నేను అట్లా నిలబడితే వాడు లేస్తాడని నాకు చిన్నప్పటినుంచి తెలుసు. పేక దారం నడిపే నాడె పక్కన పెట్టి లేచాడు. తొమ్మిదిన్నరకల్లా నన్ను కాలేజీ గేటు దగ్గర దింపాడు. టీ తాగి పొమ్మంటే వద్దన్నాడు. తిరిగి వెళ్తూ పెనుకొండ దాటిన తర్వాత, పక్క రోడ్డులోంచి వచ్చిన లారీ వాణ్ణి కొట్టింది. నా సెమినారు ముగిసి చప్పట్లు కొడుతున్నప్పుడు ఫోను మోగింది. ఆసుపత్రికి మా అమ్మే ముందుగా చేరింది. నేను వెళ్ళేసరికి దుప్పటి కప్పేశారు.

నన్ను ఎవరూ ఏమీ అనలేదు. వచ్చిన బంధువులు ఎలా జరిగిందని అడిగితే నాయన "హిందూపురం పోయి వస్తాండ్య" అని మాత్రం చెప్పేవాడు. ఎందుకు పోయాడో చెప్పేవాడు కాదు. నన్ను కాపాడుతున్నాడా, ఆ మాట నోటికి రాక ఆగిపోతున్నాడా, నాకు ఈ రోజుకీ తెలియదు. అమ్మ ఒక్కసారి మాత్రం, దినాలయిన మరునాడు, పొయ్యి దగ్గర కూర్చుని, "ఆ పొద్దు రైలు అందిండుంటే" అని ఆగింది. నేను లేచి బయటికి వెళ్ళిపోయాను. తర్వాత ఆ సంగతి ఎవరం ఎత్తలేదు.

అన్న మగ్గం మీద చీర సగం దాటి ఆగిపోయింది. మామిడాకు పచ్చ, కుంకుమరంగు అంచు. అంచులో చిన్న చిన్న నెమలి ఈకలు వచ్చే డిజైను వాడే సొంతంగా గీయించుకుని, మగ్గానికి తగిలించే జకార్డు చిల్లుల అట్టలు కొట్టించుకొచ్చాడు. ఇంకో మూడు మూరలు, ఆపైన కొంగు మిగిలింది. పట్టు షావుకారు ఇచ్చింది కాదు, మేము కొన్నదే కాబట్టి అడిగేవాళ్ళు లేరు. నాయన తన మగ్గం మీద తాను నేసుకునేవాడు, పక్క మగ్గం వైపు చూసేవాడు కాదు. అమ్మ మాత్రం పొద్దున్నే పళ్ళు తోముకోగానే ఆ మగ్గం దగ్గరికి వెళ్ళి, కప్పిన పాతచీర తీసి, దుమ్ము దులిపి, ఎలుకలు పడ్డాయేమో చూసి, మళ్ళీ కప్పేది. ఆ తర్వాత రాట్నం దగ్గరికి వచ్చేది. ఏడు నెలలూ ఒక్కరోజు తప్పలేదు. వంట చేసేది, కండెలు చుట్టేది, పక్కింటివాళ్ళతో మాట్లాడేది, నాయన మీద విసుక్కునేది. ఆమె అన్నం మానింది లేదు.

మేడం సినిమాకు కథ తెచ్చుకోమన్నప్పుడు నాకు ఆ మగ్గం తప్ప ఇంకేదీ తోచలేదు. కాగితం మీద రాసుకుంటే అన్నీ కుదిరాయి. రెండు మగ్గాలు చప్పుడు చేసే ఇల్లు, అది మొదటి కుదురు. ఒక మగ్గం ఆగిపోవడం, చెడిన కుదురు. రోజూ దుమ్ము దులిపే తల్లి, జరిగింది ఒప్పుకోని మనసు. ఇక ఆ చీర పూర్తయి మగ్గం మీంచి దిగితే అది రెండో కుదురు, ఒప్పుకోలు. మేడంకు చూపిస్తే చాలాసేపు ఆ కాగితం చూసి, "మీ ఇంట్లో వాళ్ళు ఒప్పుకుంటారా" అని అడిగారు. ఒప్పుకుంటారన్నాను. అప్పటికి నేను వాళ్ళను అడగనేలేదు.

కెమెరా పట్టడానికి నా క్లాసు అమ్మాయి ఒకతె వచ్చింది. వాళ్ళది చిలమత్తూరు. అమ్మానాన్న బెంగుళూరులో కట్టడం పనులకు పోతే అవ్వ దగ్గర పెరిగింది. తక్కువ మాట్లాడుతుంది, కెమెరా మాత్రం కదలకుండా పడుతుంది. రైల్లో ధర్మవరం వస్తూ నా కాగితం చదివింది.

"మీయమ్మ ఒప్పుకోలేదని రాసినావు. ఏం ఒప్పుకోలే?"

"అన్న పోయినాడని."

"పోలేదని ఎప్పుడన్నా అనిందా?"

"నోటితో అనదు. ఆ మగ్గం అట్ల పెట్టుకోవడమే దానికి గుర్తు. మేడం చెప్పింది కదా."

ఆ అమ్మాయి కాగితం మడిచి నా చేతిలో పెట్టింది. "మీయమ్మను నేను చూల్లేదు, నాకేం తెలుస్తాది" అని కిటికీ వైపు తిరిగింది.

ఆ సాయంత్రం నాయనతో చెప్పాను. ఆయన మగ్గం మీంచి లేచి కాళ్ళు చాపుకుని కూర్చున్నాడు.

"నాయనా, అన్న చీర నువ్వు పూర్తి చేయల్ల. సినిమాలో అది కావల్ల."

ఆయన నా మొహంలోకి చూశాడు. "అది లేకుంటే కాదా?"

"కాదు నాయనా. కథ ముగియదు."

"మీయమ్మకు చెప్పినావా?"

"నువ్వు సరే అంటే చెప్తా."

చాలాసేపు పాదాలు ఒత్తుకుంటూ ఉండిపోయాడు. "నీ సదువుకు కావల్లంటే నేస్తా" అన్నాడు చివరికి. నా చదువుకు కావాలంటే ఆ ఇంట్లో ఎవరూ కాదనలేదు. అంతకుముందూ అంతే.

అమ్మకు చెప్పింది అడిగినట్టు కాదు. నాయన రేపట్నుంచి నేస్తాడని చెప్పాను. ఆమె బియ్యం ఏరుతోంది. చేట్లోంచి తల ఎత్తకుండా, "చెయ్యి మారితే తెలుస్తాది" అంది.

"ఏం తెలుస్తాది?"

"వాని దెబ్బ వేరే, మీ నాయన దెబ్బ వేరే. గుడ్డలో గీత పడతాది."

నిజంగానే పడింది. ఒక మనిషి పేకను, అంటే అడ్డం దారాన్ని, కొట్టే బలం ఒకలా ఉంటుంది, ఇంకో మనిషిది ఇంకోలా ఉంటుంది. నాయన మొదటి జానెడు నేసేసరికి వాడు ఆపిన చోట, ఈయన మొదలుపెట్టిన చోట, వెలుతురులో చూస్తే సన్నటి గీత కనిపించింది. గీతకు అటు గుడ్డ కాస్త వదులు, ఇటు కాస్త బిగువు. నాకు ఎంత సంతోషం కలిగిందో చెప్పడానికి ఇప్పుడు సిగ్గుగా ఉంది. ఆ గీత మీద కెమెరా పెట్టించి, దగ్గరగా, ఇంకా దగ్గరగా తీయించాను. మేడం బోర్డు మీద గీసిన గీత మా ఇంట్లో పట్టులో దొరికిందనుకున్నాను.

నాయన ఎనిమిది రోజులు నేశాడు. మామూలుగా అంత పట్టదు. మధ్యలో ఆగి కూర్చునేవాడు. ఆయన ఆగిన క్షణాలు కూడా తీయమన్నాను. ఆ ఎనిమిది రోజులు అమ్మ పొద్దున మగ్గం దగ్గరికి రాలేదు. దులపడానికి ఏముంది, నాయన నేస్తూనే ఉన్నాడు కదా. ఆమె లేచి, ముఖం కడుక్కుని, ఆ గది గడప వరకు వచ్చి, వెనక్కి తిరిగి వంటింట్లోకి పోయేది. చిలమత్తూరు అమ్మాయి ఒకసారి దాన్ని కూడా తీసింది. నేను ఎడిటింగులో తీసేశాను. దాన్ని ఏ మెట్టు కింద పెట్టాలో తెలియలేదు.

నేసిన చీరను మగ్గం మీంచి కోయడం మధ్యాహ్నం పూట పెట్టుకున్నాం, గదిలోకి వెలుతురు బాగా వస్తుందని. నాయన కత్తెరతో పడుగు దారాలు కోశాడు. చప్పుడేమీ రాదు. బిగువుగా ఉన్న దారాలు ఒక్కసారి వాలిపోతాయి. తర్వాత ఆఖరి దృశ్యం అమ్మది. ఆమె ఆ చీరను చేతుల్లోకి తీసుకుని, నిమిరి, కొంచెం నవ్వాలి. నా కాగితంలో అక్కడ 'ఒప్పుకోలు' అని రాసుకున్నాను.

"యాడ నిలబడల్ల?" అని అడిగింది అమ్మ.

"ఈడ, కిటికీ పక్కన. చీర ఇట్ల పట్టుకో మా."

"ఎట్ల సూడల్ల?"

"మామూలుగా సూడు. చీర వైపు సూడు."

"నవ్వల్లనా?"

"కొంచెం."

ఆమె నవ్వింది. మొదటిసారి కిటికీ బయట ఎవరో పోవడంతో నీడ పడింది. రెండోసారి చీర మడత జారింది. మూడోసారి సరిగ్గా వచ్చింది. మూడుసార్లూ ఆమె ఒకేలా నవ్వింది. కెమెరా ఆపమన్నాక కూడా, నేను చేతిలోంచి చీర తీసుకునేదాకా, ఆమె ముఖం మీద ఆ నవ్వు అలాగే ఉంది. చిలమత్తూరు అమ్మాయి కెమెరా పెట్టెలో సర్దేసింది. రైలెక్కాక, "ఇంక మీ ఇంట్లో తీసేది ఏమీ లేదు కదా" అంది. లేదన్నాను. "ఉన్నా నేను రాను" అంది.

హిందూపురం వెళ్ళి ఎడిటింగు మొదలుపెట్టాను. వారం తిరక్కుండా నాయన ఫోను చేశాడు. ఆయన తనంతట తాను ఫోను చేసే మనిషి కాదు.

"మీయమ్మ లేస్తాలేదు పాపా."

"జ్వరమా?"

"జ్వరం ల్యా. లేస్తాలేదు. ఏంటికి లేయల్ల అంటాది."

"డాక్టరు దగ్గరికి తీసకపో నాయనా. నాది సబ్మిషన్ ఉండాది, ఇంకో పదైదు రోజులు."

"సరే మ్మా. నువ్వు సదువుకో."

ఆ పదిహేను రోజుల్లో ఆయన మళ్ళీ రెండుసార్లు ఫోను చేశాడు. డాక్టరు బలానికి మాత్రలిచ్చాడని ఒకసారి, కండెలు తానే చుట్టుకుంటున్నానని ఒకసారి. రెండోసారి ఫోను పెట్టేశాక నేను నివేదికలో పదకొండో పేజీ రాశాను. మగ్గం అనేది పోయిన కొడుక్కి బదులుగా తల్లి పట్టుకున్న వస్తువు, ఆ వస్తువును వదులుకోవడంతో ఆమె మనసు దుఃఖంలోంచి బయటికి అడుగుపెట్టింది అని రాశాను. ఇంగ్లీషులో రాశాను కాబట్టి అది నాకు మరీ నిజంలా కనిపించింది. చివర్లో ఒక పట్టిక కూడా వేశాను. నాయకుడు, అన్న. ప్రతినాయకుడు, లారీ రూపంలో వచ్చిన విధి. సాయం చేసేవాడు, నాయన. పంపేవాడు అనే గడి దగ్గర చాలాసేపు ఆగి, 'ఈ కథలో లేదు' అని రాశాను.

సినిమా కాలేజీ హాల్లో వేశారు. పది నిమిషాలూ ఒక్కరూ దగ్గలేదు. అమ్మ నవ్వుతో తెర చీకటయ్యాక ఇద్దరు ముగ్గురు అమ్మాయిలు కళ్ళు తుడుచుకున్నారు. ఆ మధ్యాహ్నమే వైవా. బయటి కాలేజీ నుంచి వచ్చిన పరీక్షకుడు పెద్దాయన, కళ్ళజోడు నుదుటి మీదికి నెట్టుకుని నా నివేదిక తిప్పుతూ కూర్చున్నాడు. పక్కన మా మేడం.

"బాగా తీశావమ్మా" అన్నాడు. "మీ అమ్మగారి ముఖం నటులకు కూడా రాదు. ఒక్క సందేహం. ఈ అబ్బాయి నేసే పని వదిలి, పనిరోజు పొద్దున్నే, ఆ రోడ్డు మీద ఎందుకున్నాడు? సినిమాలో ఎక్కడా లేదు. పట్టికలో కూడా పంపేవాడు లేడని రాశావు."

"పని మీద వెళ్ళాడు సార్."

"ఏం పని?"

"ఇంటి పని సార్."

ఆయన ఇంకో పేజీ తిప్పి మళ్ళీ వెనక్కి వచ్చాడు. "వాయిస్ నీదే కదా. సినిమా అంతా చెల్లెలు మాట్లాడుతుంది, అందరి మనసులూ చెప్తుంది. ఆమె మనసు గురించి మాత్రం ఒక్క మాట ఉండదు. చెప్పేవాళ్ళు తమను తాము దాచుకోవడానికి కూడా ఒక సిద్ధాంతం ఉంది, చదివే ఉంటావు. అది ఈ సినిమాకు వర్తిస్తుందంటావా?"

"వర్తించదు సార్" అన్నాను. "చెల్లెలు కేవలం కథ చెప్పే మనిషి. కథలో ఆమెకు పాత్ర లేదు."

ఆయన తల ఊపి మార్కులు వేశాడు. మేడం మాత్రం నావైపు చూసి కళ్ళు దించుకున్నారు. అన్న పోయిన రోజు సెమినారులో ఆవిడే కూర్చున్నారు. రైలు తప్పినా ఆలస్యం లేకుండా ఎలా వచ్చానని అడిగితే, మా అన్న బండి మీద దింపాడని ఆవిడతో నేనే చెప్పాను. ఆవిడ ఆ మాట అక్కడ అనొచ్చు. అనలేదు. ఆ ఏడు అందరికంటే ఎక్కువ మార్కులు నాకే వచ్చాయి.

ఆ శనివారం ఇంటికి వెళ్ళాను. అమ్మ వసారాలో గోడకు ఆనుకుని కూర్చుని ఉంది. నెల రోజుల్లో మెడ ఎముకలు తేలాయి. తల నూనె లేక పీచులా ఉంది. రాట్నం ముందు నాయన కూర్చుని, అలవాటు లేని చేతులతో కండెలు చుడుతున్నాడు. నేను పక్కన కూర్చోగానే అమ్మ అడిగింది, "పాసయినావా?"

"అయినా మా. ఫస్టు వచ్చింది."

"సినిమా సూపీ."

వద్దనడానికి కారణం దొరకలేదు. ల్యాప్‌టాప్ ఆమె ఒడిలో పెట్టాను. కన్ను కదపకుండా చూసింది. అన్న ఫోటో వచ్చినప్పుడు కూడా కదల్లేదు. చివర్లో తన ముఖం రాగానే వంగి చూసింది. "ఇట్ల నవ్వినానా" అంది. తర్వాత, "పుస్తకం గూడా రాసినావంట. నా గురించి ఏం రాసినావు?" అని అడిగింది.

"ఇంగ్లీషులో ఉండాది మా."

"సదివి సెప్పు."

పదకొండో పేజీ తీశాను. అబద్ధం చదివి చెప్పొచ్చు, ఆమెకు తెలియదు. ఎందుకో ఆ పూట చేతకాలేదు. ఒక్కో వాక్యం తెలుగులో చెప్పాను. కొడుకు పోయాడన్న నిజాన్ని తల్లి ఒప్పుకోలేకపోయింది. అందుకే మగ్గాన్ని అలా కాపాడుకుంది. ఆమె చివరివరకూ విని, "నేను యాడ ఒప్పుకోల్యా?" అంది.

నేను నివేదిక మూసేశాను.

"ఆసుపత్రిలో వాన్ని అందరికంటే ముందు సూసింది నేను. మొకం తుడిసింది నేను. వాడు ల్యాడని నాకు పుస్తకాలోళ్ళు సెప్పల్లనా?"

"మరి ఆ చీర ఎందుకు మా అట్ల పెట్టుకుంటివి?"

"వాని చెయ్యి అంతవరకు ఉండాది కాబట్టి. పొద్దున లేస్తే ఆ కాసేపు దాని దగ్గర నిలబడతాంటి. దానికి మించి ఏం ల్యా." నా వైపు తిరిగి, "నువ్వు అడిగినావని మీ నాయన నేసె. నువ్వు నవ్వమంటే నేను నవ్వితి" అంది.

రాట్నం ఆగింది. నాయన వింటున్నాడని తెలుసు. అప్పుడు చెప్పాను. "ఆ పొద్దు అన్న బస్సుకు పొమ్మన్నాడు మా. నేనే పట్టు పట్టి లేపినా. లేకుంటే వాడు మగ్గంలోంచి లేసేవాడు కాదు." ఏడుపు వస్తుందనుకున్నాను, రాలేదు. ఏడు నెలలు, ఆపైన ఇంకో రెండు నెలలు నోట్లో పెట్టుకున్న మాట అది.

"తెలుసు" అంది అమ్మ. "నేను వంటింట్లో ఉంటిని కదా. అంతా ఇన్నా." ఆమె చెయ్యి నా మీద వేయలేదు. తిట్టలేదు కూడా. "అది సినిమాలో పెట్టల్యా?" అని అడిగింది.

"లేదు మా."

"మమ్మల్ని పెట్టినావు" అంది. ల్యాప్‌టాప్ మూసి నా వైపు జరిపి, గోడ వైపు తిరిగి పడుకుంది.

నేను ఆ సెలవులన్నీ ఇంట్లోనే ఉన్నాను. అమ్మను అనంతపురం తీసుకెళ్ళి మనసు డాక్టరుకు చూపించాం. ఆయన మాత్రలు రాశాడు, ఇంట్లో ఏమైనా జరిగిందా అని అడిగాడు. నేను అంతా చెప్పాను, చీర సంగతితో సహా. ఆయన రాసుకోలేదు, వింటూ ఉన్నాడు. మాత్రలతో అమ్మ లేచి కూర్చుంది, నెమ్మదిగా వంట మొదలుపెట్టింది. రాట్నం మాత్రం మళ్ళీ ముట్టలేదు. నాతో అవసరానికి మాట్లాడుతుంది. అన్నం పెట్టనా, రైలు ఎన్ని గంటలకు, దుప్పటి తీసుకపో. ముందు ఇంకేం మాట్లాడేదో ఇప్పుడు గుర్తు తెచ్చుకోవడం కూడా కష్టంగా ఉంది. ఆ చీరను నాయన అమ్మలేదు. ఎక్కడ పెట్టాడో నేను అడగలేదు.

నాకు హిందూపురంలోనే పెళ్ళి వీడియోలు ఎడిట్ చేసే స్టూడియోలో పని దొరికింది. చేతకాదని కాదు, ఇంకో సినిమా తీయలేదు. కాలేజీవాళ్ళు నా సినిమాను, నివేదికను జూనియర్లకు నమూనాగా చూపిస్తున్నారని తెలిసి, తీసేయమని అడగడానికి వెళ్ళాను. అది కాలేజీ ఆస్తి అన్నారు. మేడం అప్పటికి వేరే ఊరు బదిలీ అయి వెళ్ళిపోయారు.

పోయిన ఏడు ఒక జూనియర్ అమ్మాయి నా నంబరు సంపాదించి ఫోను చేసింది. నా సినిమా మీద వ్యాసం రాయాలట.

"అక్కా, చివర్లో అమ్మ నవ్వు ఉంది కదా. అది ఒప్పుకోవడమా, లేకపోతే బాధను అణచుకోవడమా? క్లాసులో సగం మంది అట్ల, సగం మంది ఇట్ల అంటాండారు."

"నేను నవ్వమన్నా. అందుకే నవ్వింది" అన్నాను.

"అట్ల రాస్తే ఏ సిద్ధాంతం కిందికి వస్తాదక్కా?"

"తెలీదు. రాయి. అట్లే రాయి."

ఆమె రాసిందో లేదో తెలియదు. మళ్ళీ ఫోను చేయలేదు.

ఈ వేసవిలో అమ్మకు కంటిలో పొర ముదిరింది. హిందూపురంలో ఆపరేషను చేయించాలని నిర్ణయించాం. రైల్లో సీటు దొరకక బస్సులో తీసుకొచ్చాను. అన్న పోయిన తర్వాత ఆమె ఆ రోడ్డు మీదికి రాలేదు. పెనుకొండ ఇంకా రాకముందే "యాడ" అని అడిగింది. ఏది అని అడగాల్సిన పని లేకపోయింది. చోటు దగ్గరికి వచ్చాక చెయ్యి చూపించాను. అక్కడ ఇప్పుడు టైర్లకు గాలి పట్టే షెడ్డు ఉంది. బస్సు ఆగకుండా పోయింది. ఆమెకు కనిపించిందో లేదో కూడా చెప్పలేను, కళ్ళు అప్పటికి బాగా మసకబారాయి. కాసేపటికి "నీళ్ళు ఉండాయా" అంది. సీసా మూత తీసి ఇచ్చాను.

ఆపరేషను బాగానే జరిగింది. పదిహేను రోజులు నా గదిలో ఉంచుకున్నాను. రోజుకు నాలుగుసార్లు కంట్లో చుక్కలు వేయాలి. స్టూడియో నుంచి మధ్యాహ్నం గదికి పరుగెత్తుకొచ్చి వేసి వెళ్ళేదాన్ని. నేను రెప్ప ఎత్తి పట్టుకుంటే ఆమె పైకప్పు వైపు చూస్తూ కదలకుండా ఉండేది. ఆ కాసేపు నా ముఖం ఆమె ముఖానికి జానెడు దూరంలో ఉండేది. ఒకరోజు, చుక్క వేసి దూది అద్దుతుంటే, "నీ మొకం సన్నగయ్యింది పాపా" అంది. ఇంకేమీ అనలేదు. పదహారో రోజు నాయన వచ్చి ఆమెను ధర్మవరం తీసుకెళ్ళాడు. చుక్కల సీసాలో ఇంకా సగం మిగిలింది, నాయనకు వేయడం నేర్పించి పంపాను.